నూనె కాలితే బూడిదేది?

ఆ కార్యాలయంలో చీపురు కావాలంటే ముందు చీపురు తేవాలి. ఊరికే తెస్తే చాలదు, ఇచ్చిననాడు ఎంత ఉందో అంత తేవాలి. అరిగిన చీపురు తెస్తే అంత అరిగిన చీపురే ఇస్తారు. ఆ లెక్కన ఊడ్చే మనిషి ఎర్రమ్మ చేతికి మూడోసారి వచ్చింది ఒక పిడీ, ఆ పిడికి చుట్టిన తాడూనూ. దాంతోనే ఆమె నెల రోజులు వరండా ఊడ్చింది. ఊడ్చినట్టు రిజిస్టరులో వేలిముద్ర కూడా ఉంది.

దీనికంతటికీ మూలం రాజధాని నుంచి వచ్చిన ఒక ఉత్తర్వు. దాని పేరు "చుక్క చుక్కకూ లెక్క". ఎవరో పై అధికారి ఎక్కడికో శిక్షణకు వెళ్లి, ప్రభుత్వంలో వస్తువులు పోవడమే గాని తిరిగి రావడం లేదని కనిపెట్టారు. పోయినవన్నీ తిరిగి రావలసిందేనని అక్కడికక్కడే తీర్మానించుకున్నారు. ఆ ఉత్తర్వులో ఏడో నిబంధన ఇలా ఉంది: "ఏ వస్తువునైనను కొత్తగా జారీ చేయుటకు ముందు, పూర్వము జారీ అయిన అదే వస్తువును తిరిగి జమ చేయించుకొనవలెను. ఎంత పరిమాణము జమ అగునో అంత పరిమాణము మాత్రమే జారీ చేయవలెను."

కార్యాలయం సంచార పశువైద్య విభాగానిది. కొండల అంచున, జిల్లా కేంద్రంలో ఉంది. ఒక బండి, ఒక డ్రైవరు, ఇద్దరు డాక్టర్లు, పైన ఒక ఉప సంచాలకులు, ఆయన కింద ఒక సూపరింటెండెంటు. స్టోరు గదిలో గుమాస్తా లెంక సుగుణ.

సుగుణ తన ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషి. తండ్రి జనపనార మిల్లులో ఇరవై ఆరేళ్లు బేళ్లు మోశాడు. ఉద్యోగంలో చేరే రోజున కూతురికి ఒకటే చెప్పాడు: "కాయితం మీద ఎలాగుంటే అలాగ సెయ్యమ్మా. అప్పుడు నిన్నెవడూ ఏటీ అన్లేడు." సుగుణ ఆ మాటను జవదాటలేదు. ప్రొబేషన్ ఇంకా పూర్తి కాలేదు కూడా. ఉత్తర్వు రాగానే ఏడో నిబంధన కింద ఎర్ర సిరాతో గీత గీసి, లాబ్ నుంచి గాజు కొలత జాడీ తెచ్చి, స్టోరు కిటికీ దగ్గర పెట్టుకుంది.

సబ్బు విషయంలో మాత్రం ఆమెకు కొంచెం మనసు నొచ్చింది. సబ్బు అరిగి నీళ్లలో కలుస్తుంది. నీళ్లు తూములో పోతాయి. తూము ఆవరణ గోడ దాటితే మున్సిపాలిటీ పరిధి. వేరే వారి పరిధిలోకి వెళ్లిపోయిన సబ్బును తిరిగి పంపించవలసిందిగా కోరుతూ కార్యాలయం లేఖ రాసింది. జవాబు రాలేదు. ఆనాటి నుంచి అక్కడ చేతులు కడుక్కోవడం ఆగిపోయింది. వైద్యం ఆగలేదు.

ఇక బండి సంగతి. దానికి పందొమ్మిదేళ్లు. ఇంజనులో ఆరు లీటర్ల నూనె పట్టాలి. ఐదువేల కిలోమీటర్లకోసారి పాత నూనె దింపి కొత్తది పోయాలి. ఉత్తర్వు వచ్చాక మొదటిసారి నూనె మార్చేటప్పుడు డ్రైవరు మజ్జి సన్యాసిరావు కింద బోల్టు విప్పి, నల్లటి నూనెను డబ్బాలో పట్టి స్టోరుకు తెచ్చాడు. సుగుణ దాన్ని జాడీలో పోసి చూసింది.

"ఐదు లీటర్ల రెండొందలే ఉంది బాబాయ్. మేం ఆరిచ్చాం."

"ముసిలి బండి గదమ్మా. కొంచెం తాగుతాది."

"ఎవరు తాగినా రూలు రూలే బాబాయ్."

"నానైతే తాగనేదు. నాకు టీ సాలు."

సుగుణ ఐదు లీటర్ల రెండు వందలే ఇచ్చింది. మరుసటిసారి నాలుగు లీటర్ల నాలుగు వందలు వెనక్కి వచ్చింది. అంతే ఇచ్చింది. ఆ మరుసటిసారి మూడు లీటర్ల ఆరు వందలు. అంతే ఇచ్చింది. ఈ వరసన పోతే ఎనిమిదో మార్పు నాటికి ఇంజనుకు నూనె అవసరమే ఉండదని సూపరింటెండెంటు జగన్నాథం గారు లెక్కగట్టి, నెలవారీ నివేదికలో "పొదుపు" అనే శీర్షిక కింద చూపించారు. పైనుంచి అభినందన వచ్చింది.

ఒక బుధవారం మధ్యాహ్నం సన్యాసిరావు కొండ దిగి వచ్చి, బండి ఆపి, తిన్నగా స్టోరు కిటికీ దగ్గరికి వచ్చాడు. మొహం వాడిపోయి ఉంది.

"సుగునమ్మా, దీపం ఎలిగిందమ్మా."

"ఏ దీపం బాబాయ్?"

"స్టీరింగు ఎదర ఎర్ర దీపం. నూనె కూజా బొమ్మ ఉంటాది సూడు, ముక్కులోంచి సుక్క కారతన్నట్టు. ఘాటీలో మలుపు తిరిగితే ఎలుగుతంది, తిన్నగొస్తే ఆరిపోతంది. అంటే ఏటి? కింద నూనె తక్కువైపోయింది. బండి ఓ పక్కకి ఒరిగితే నూనె ఆ పక్కకెల్లిపోతంది, పంపుకి అందట్నేదు. పంపు గాలి తాగితే ఒత్తిడెక్కడిది? ఇనుమూ ఇనుమూ రాసుకుంటాయి. అలాగ కొంతసేపు రాసుకున్నాయంటే ఇంజను పట్టేస్తాది."

"పట్టేస్తే?"

"బండి అక్కడే ఉండిపోద్ది. దాంతోపాటు నానూ." సన్యాసిరావు కిటికీ చువ్వ పట్టుకున్నాడు. "నెలాకరికి నా రిటైరుమెంటు. ముప్పై రెండేళ్లలో ఒక్క మెమో నేదమ్మా నా మీద. ఇప్పుడు ఇంజను పోయిందంటే డ్రైవరు నిర్లచ్చం అని రాసేస్తారు. ఎంకైరీ ఏస్తారు. నానైతే రిటైరైపోతాను గాని, ఎంకైరీ రిటైరవదు గదా. అది నాకంటే ఎక్కువ కాలం బతుకుతాది."

సుగుణ తన రిజిస్టరు తెరిచింది. ఆరు. ఐదు లీటర్ల రెండు వందలు. నాలుగు లీటర్ల నాలుగు వందలు. మూడు లీటర్ల ఆరు వందలు. తన గుండ్రటి అక్షరాలే. ఒకదాని కింద ఒకటి, మెట్లు దిగుతున్నట్టు ఉన్నాయి. ఇన్నాళ్లూ వాటిని చూసి తప్పుల్లేవని మురిసిపోయింది. ఇప్పుడు చూస్తే ఆ మెట్ల చివర సన్యాసిరావు నిలబడి ఉన్నాడు. సోమవారం బండి ఈతమానువలస వెళ్లాలి, గొడ్లకు గాలికుంటు టీకాలు వేయాలి. దారిలో ఇరవై మూడు మలుపులు.

వెంటనే కాగితం తీసుకుని రెండు వాక్యాలు రాసింది. "ఇంజనులో నూనె తక్కువగా ఉన్నది. మూడు లీటర్లు పోసినచో సరిపోవును."

జగన్నాథం గారు ఆ కాగితాన్ని కళ్లజోడు సవరించుకుని చదివారు. తిరగేసి వెనక కూడా చూశారు.

"ఇదేంటమ్మాయ్?"

"నోట్ సార్."

"నోటా! జబ్బూ నువ్వే రాసేసి, మందూ నువ్వే రాసేస్తే ఇక పై అధికారులకు మిగిలిందేమిటి? జబ్బు ఉన్నట్టు అనుమానం మాత్రమే రాయాలి. అది కూడా 'కలదేమో' అని రాయాలి."

ఆయన చెప్పినట్టే రాస్తే ఫైలు కదిలింది. గురువారానికి "చమురు ఒత్తిడి నిర్ధారణ సంఘం" ఏర్పడింది. ఉప సంచాలకులు త్రివిక్రమరావు గారు అధ్యక్షులు, జగన్నాథం గారు సభ్యులు. ఎవరో ఒకరు రాయాలి కనుక సుగుణ కార్యదర్శి. సన్యాసిరావును మాత్రం చేర్చలేదు. ఆయనకు బండితో సంబంధం ఉంది కాబట్టి నిష్పాక్షికత దెబ్బతింటుందని.

సంఘం ఆవరణలో బండి చుట్టూ కుర్చీలు వేసుకుని సమావేశమైంది. త్రివిక్రమరావు గారు గొంతు సవరించుకున్నారు.

"నిర్ధారణ అనేది దశలవారీగా జరగవలసిన ప్రక్రియ. మొదటి దశ, ఒత్తిడి ఉన్నదా? రెండవ దశ, ఉన్నచో ఎందుకు ఉన్నది? మూడవ దశ, లేనిచో ఎవరు తీసుకెళ్లారు?"

సన్యాసిరావు ఇంజను స్టార్ట్ చేశాడు. ఎర్ర దీపం ఒకసారి వెలిగి ఆరిపోయింది.

"ఆరిపోయింది కదయ్యా," అన్నారు అధ్యక్షులు.

"ఇక్కడ తిన్నగుంది సార్. పైగా ఇంజను సల్లగుంది. మలుపు తిప్పితే తెలుస్తాది."

"కార్యాలయ ఆవరణలో మలుపు లేదు. లేని మలుపును సంఘం పరిగణించజాలదు."

"పోనీ పుల్ల తీసి సూడండి సార్," అన్నాడు సన్యాసిరావు. ఇంజను ఆపి, బానెట్ ఎత్తి, నూనె కొలిచే సన్నటి ఇనుప పుల్ల లాగాడు. తువ్వాలుతో తుడిచి, మళ్లీ దింపి, మళ్లీ తీసి అందరికీ చూపించాడు. చివర వేలి గోరంత తడి. "ఇదిగో, ఈ రెండు గీతల మద్దెన ఉండాల సార్. కింది గీతకే అందనేదు."

త్రివిక్రమరావు గారు పుల్లను తీక్షణంగా చూశారు. "ఈ గీతలు ఎవరు గీశారు?"

"బండి సేసినోళ్లు సార్."

"ఎప్పుడు?"

"బండితోపాటే. పందొమ్మిదేళ్ల కిందట."

"ఉత్తర్వు వచ్చింది కిందటేడు." ఆయన జగన్నాథం గారి వైపు తిరిగారు. "అనగా ఇవి ఉత్తర్వుకు పూర్వపు గీతలు."

"సవరణ జరగని గీతలు సార్," అన్నారు జగన్నాథం గారు, పాత శత్రువు దొరికినంత సంతోషంగా.

ఆకురాయి తెప్పించారు. తడి ఎంతవరకు ఉందో సరిగ్గా అక్కడ కొత్త గీత గీయించారు. పై రెండు గీతలనూ రద్దు చేశారు. పుల్లను మళ్లీ ముంచి తీస్తే నూనె గీతకు సరిసమానంగా ఉంది. సంఘం ఊపిరి పీల్చుకుంది. "కొలత పుల్లను సవరించడమైనది. నూనె నిండుగా ఉన్నది" అని అధ్యక్షులు చెబుతుంటే సుగుణ రాసింది. రాస్తుంటే పెన్ను రెండుసార్లు ఆగింది. సిరా అయిపోవస్తోంది, కొత్త పెన్ను కావాలంటే నిండా సిరా ఉన్న పాత పెన్ను తేవాలి.

"సార్," అన్నాడు సన్యాసిరావు ఉండబట్టలేక, "ఆకలేస్తన్నోడి బొడ్డుకాడ గీత గీసేసి, నీ కడుపు నిండిపోయింది లెగరా అంటే లెగుస్తాడా సార్?"

"ఉపమానాలు మినిట్స్‌లోకి రావు," అన్నారు త్రివిక్రమరావు గారు.

శుక్రవారం పొద్దున్న బండిని పరీక్షగా ఊరంతా తిప్పి తెచ్చారు. ఇంజను బాగా వేడెక్కింది. ఆవరణలో నిలబెట్టేసరికి, మలుపూ గిలుపూ లేకుండా, ఎర్ర దీపం నిలకడగా వెలిగింది. త్రివిక్రమరావు గారికి కోపం వచ్చింది.

"నూనె నిండుగా ఉన్నదని నిన్ననే కదా తీర్మానించాం? ఇది మళ్లీ ఎలా వెలుగుతుంది? ఇది తీర్మాన ధిక్కారం."

"దానికి తీర్మానం తెల్దు సార్," అన్నాడు సన్యాసిరావు. "దానికి నూనే తెలుసు."

దీపాన్ని మార్చాలని నిర్ణయమైంది. ఏడో నిబంధన ప్రకారం ముందు పాత బల్బు విప్పి జమ చేశారు. "దోషము" అనే గడిలో సుగుణ చేత "అకారణముగా వెలుగుట" అని రాయించారు. కొత్త బల్బు రాజధాని నుంచి రావాలి, నాలుగు నెలలు పడుతుంది. బల్బు లేదు కనుక దీపం వెలగలేదు. దీపం వెలగలేదు కనుక ఒత్తిడి సాధారణం. సంఘం మూడు దశలనూ ఒకేసారి పూర్తి చేసి టీ తాగింది. సన్యాసిరావు టీ ముట్టకుండా బానెట్ మీద చెవి ఆనించి నిలబడ్డాడు. లోపల ఎవరో చిన్న సుత్తితో తలుపు కొడుతున్నట్టు, టక్ టక్ టక్.

అక్కడితో పోయేదే. కాని ఆ మధ్యాహ్నం పై కార్యాలయం నుంచి ఒక ప్రశ్న వచ్చింది. మూడు మార్పుల్లో జారీ అయిన దానికీ, జమ అయిన దానికీ మధ్య రెండు లీటర్ల నాలుగు వందల మిల్లీలీటర్ల తేడా ఉంది. ఆ నూనె ఎక్కడ? ఎవరి స్వాధీనంలో ఉండగా మాయమైంది?

స్వాధీనం అనే మాట వినగానే అందరి చూపులూ సన్యాసిరావు వైపు తిరిగాయి. ఆయన్ని గదిలోకి పిలిపించారు.

"ఎక్కడ పెట్టావు?"

"ఎక్కడా ఎట్టనేదు సార్. కాలిపోయింది."

"కాలితే బూడిదేది?"

ముప్పై రెండేళ్లలో ఇంజను గురించి సన్యాసిరావును చాలామంది చాలా అడిగారు గాని ఇది ఎవరూ అడగలేదు.

"నూనెకి బూడిదుండదు సార్. పొగైపోద్ది. నల్ల పొగొస్తే డీజిలు, తెల్ల పొగొస్తే నీళ్లు, నీలం పొగొస్తే నూనె. మన బండిది నీలం పొగ."

"ఆధారం?"

"ఎనకాల నించోండి సార్, మీకే తెలుస్తాది."

ఉప సంచాలకులు ఒక వాహనం వెనకాల నిలబడడం హోదాకు తగదు కాబట్టి జగన్నాథం గారు నిలబడ్డారు. ముక్కుకు జేబురుమాలు కట్టుకున్నారు. టీకా పెట్టెల మీద కప్పుకొచ్చే పెద్ద ప్లాస్టిక్ సంచి ఒకటి తెచ్చి సైలెన్సరు గొట్టానికి పట్టారు. సన్యాసిరావు ఇంజను తిప్పాడు. సంచి బుడగలా ఉబ్బింది. లోపల నీలం పొగ. మూతి బిగించి, పురికొస కట్టి, లక్క ముద్ర వేశారు. జగన్నాథం గారు పావుగంట దగ్గారు. దగ్గు ఆగాక, "నీలమే సార్," అన్నారు కళ్లు తుడుచుకుంటూ.

త్రివిక్రమరావు గారు నాలుగో తీర్మానం చెప్పారు. "సంచిలో ఉన్నది, బండికి జారీ అయిన నూనె యొక్క ధూమ రూపమని సంఘం ఏకగ్రీవంగా నిర్ధారించినది. రాసుకో అమ్మా. అయితే పోయిన నూనె అంతా ఇదేనా, లేక డ్రైవరు కొంత దాచాడా అనేది తేలవలసి ఉన్నది. కాబట్టి అభియోగ పత్రం తయారు చేయి. సోమవారం సాయంత్రం సంతకం పెడతాను. సంచిని స్టోరులో జమ చేసుకో."

"సార్, సోమవారం బండి కొండెక్కాలి కద సార్..."

"ఎక్కుతుంది. నూనె నిండుగా ఉందని స్టోరు నుంచి ధ్రువపత్రం ఇవ్వు."

శనివారం మధ్యాహ్నానికి సుగుణ బల్ల మీద మూడు చేరాయి. తాను టైపు చేసిన అభియోగ పత్రం, తాను సంతకం చేయవలసిన ధ్రువపత్రం, పొగ సంచి. ధ్రువపత్రం మీద సంతకం పెడితే సన్యాసిరావు ఇరవై మూడు మలుపులు ఎక్కుతాడు. ఏదో ఒక మలుపులో ఇంజను పట్టేస్తుంది. సాయంత్రం అభియోగ పత్రం మీద ఆ మాట కూడా చేరుతుంది. సంతకం పెట్టకపోతే తన ప్రొబేషన్ అక్కడితో సరి, ఇంకొకరు వచ్చి పెడతారు. బండి ఎలాగూ ఎక్కుతుంది.

పెన్ను పట్టుకుని ఆ మూడింటి వంకా చూస్తూ కూర్చుంది. ఏం తోచక, ముందు తేలిగ్గా అయ్యే పని చేద్దామని పొగ సంచిని జమ రాయబోయింది. వస్తువు: ఇంజను నూనె, వాడినది. రూపము: ధూమము, తీర్మానము నాలుగు ప్రకారము. పరిమాణము?

పరిమాణం కొలవకుండా ఆమె ఇంతవరకు ఏ వస్తువూ రాయలేదు. జాడీలో పొగ పోయడం కుదరదు. కాని డిగ్రీ చదివింది సైన్సే. సంచి మోసుకుంటూ ఆవరణలోని గొడ్ల నీళ్ల తొట్టి దగ్గరికి వెళ్లింది. తొట్టిని అంచుదాకా నింపి, సంచిని రెండు చేతులా లోపలికి అదిమి, నీళ్లు పొర్లిపోయాక బయటికి తీసింది. మళ్లీ తొట్టి నిండడానికి ఎన్ని లీటర్లు పడుతుందో కొలుస్తూ పోసింది. చీర కుచ్చెళ్లు మోకాళ్లదాకా తడిశాయి. ముప్పై ఎనిమిది లీటర్లు పట్టింది.

తిరిగి వచ్చి ఆ గడిలో "ముప్పై ఎనిమిది లీటర్లు" అని రాసింది. రాసి, సరిచూసుకుంది. తరువాత అలవాటు ప్రకారం పక్క గడి చూసింది. "జారీ చేయదగిన పరిమాణము".

సుగుణ ఏడో నిబంధన తీసి చదివింది. నాలుగో తీర్మానం చదివింది. మళ్లీ ఏడో నిబంధన చదివింది. ఎక్కడైనా తప్పు చేస్తున్నానా అని వెతికింది. నిజానికి ఆ క్షణాన తప్పు దొరికితే బాగుండునని కూడా అనిపించింది. ఎందుకంటే ఆమె ఏనాడూ మోసం చేసిన మనిషి కాదు. కాని కాగితం మీద ఎలా ఉందో అలాగే ఉంది. నూనె జమ అయింది. ముప్పై ఎనిమిది లీటర్లు.

కిటికీలోంచి తల బయటపెట్టి పిలిచింది. "బాబాయ్! బండి ఇటు తే. నూనిస్తాను."

సన్యాసిరావు పరుగున వచ్చాడు. "ఎంతమ్మా?"

"నీకు ముప్పై ఎనిమిది లీటర్లు వస్తుంది."

"ఓలమ్మో! అంత పోస్తే ఇంజను ఈత కొడతాది. మూడు సాలు."

మూడు లీటర్లూ జాడీతో కొలిచి ఇచ్చింది. సన్యాసిరావు ఆ నూనెను పసిబిడ్డకు పాలు పట్టినట్టు నెమ్మదిగా పోశాడు. పుల్ల ముంచి తీశాడు. సంఘం గీసిన గీతను దాటి, రద్దయిన రెండు గీతల మధ్యకు వచ్చి నిలిచింది నూనె. ఇంజను స్టార్ట్ చేసి బానెట్ మీద చెవి పెట్టాడు. సుగుణ కూడా వంగి విన్నది. సుత్తి దెబ్బల్లేవు. పాత ఇంజను గుర్రు పెడుతున్నట్టు ఒకే వరసన మోగుతోంది.

"ఇన్నావా? ఇనుముకీ ఇనుముకీ తగువు నేదు," అన్నాడు సన్యాసిరావు.

సుగుణ లోపలికి వెళ్లి ధ్రువపత్రం మీద సంతకం పెట్టింది. ఈసారి పెన్ను ఆగలేదు. అభియోగ పత్రం అంచున చిన్న అక్షరాలతో రాసింది: "రెండు లీటర్ల నాలుగు వందల మిల్లీలీటర్లకు గాను ముప్పై ఎనిమిది లీటర్లు జమ అయినది. డ్రైవరు వద్ద బాకీ లేదు."

సోమవారం బండి ఈతమానువలస వెళ్లింది. నాలుగు వందల గొడ్లకు టీకాలు వేసి, ఇరవై మూడు మలుపులూ దిగి, చీకటి పడకముందే వచ్చేసింది. అప్పటికి అభియోగ పత్రం సంతకానికి వెళ్లింది. దాని అంచున రాసింది చదివి జగన్నాథం గారు స్టోరు రిజిస్టరు తెప్పించుకున్నారు. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేకుండా పోయింది. రిజిస్టరుతోపాటు సుగుణనూ ఉప సంచాలకుల గదిలోకి తీసుకెళ్లారు.

"మూడు లీటర్ల కొత్త నూనె! ఎవరి అనుమతితో ఇచ్చావు?" అన్నారు త్రివిక్రమరావు గారు.

సుగుణ రిజిస్టరులో ఆ వరస మీద వేలు పెట్టింది. "మీ అనుమతితోనే సార్. నాలుగో తీర్మానం. తరువాత ఏడో నిబంధన."

"పొగను నూనె కింద జమ వేశావా?"

"నూనేనని సంఘం నిర్ధారించింది కద సార్. కాదంటే తీర్మానం మార్చి రాస్తాను సార్. ఏకగ్రీవం అని ఉంది. ఎవరు విభేదించారని రాయమంటారు?"

త్రివిక్రమరావు గారు రిజిస్టరు వైపు, తీర్మానం వైపు, గోడ మీద తన అభినందన పత్రం వైపు వరసగా చూశారు. చూస్తుండగానే ఆయన మొహం నెమ్మదిగా విచ్చుకుంది.

"అనగా," అన్నారు, "పోయిన రెండు లీటర్ల నాలుగు వందలకు గాను మనం ముప్పై ఎనిమిది లీటర్లు రాబట్టాం."

"అవును సార్."

"శాతంలో చెప్పు."

సుగుణ అక్కడే నిలబడి లెక్క వేసింది. "వెయ్యిన్నీ ఐదు వందల ఎనభై మూడు సార్."

"జగన్నాథం గారూ, ఆ అభియోగ పత్రం చించేయండి. నివేదిక రాయండి."

నివేదిక రాజధానికి వెళ్లింది. నూటికి నూరు శాతమే అసాధ్యమని వాపోతున్న పైవారికి ప్రాణం లేచొచ్చింది. పది రోజులు తిరక్కుండానే అన్ని జిల్లాలకూ ఆదేశం వచ్చింది, ప్రతి వాహనం వారానికి ఒక సంచి పొగ విధిగా జమ చేయాలని. బండ్లు ఊళ్లకు వెళ్లడం తగ్గింది. పొగ కోసం ఆవరణల్లోనే రోజంతా ఇంజన్లు తిరుగుతున్నాయి. స్టోరు గది చాలక సమావేశ మందిరంలో సంచులు పేర్చారు. సమావేశాలు వరండాలో జరుగుతున్నాయి. ఆ వరండా ఇప్పటికీ ఎర్రమ్మ పిడితోనే ఊడుస్తోంది.

నెలాఖరు వచ్చింది. సన్యాసిరావు రిటైరవుతున్నాడు కాబట్టి కొత్త డ్రైవరును పంపమని కార్యాలయం ముందుగానే రాసింది. సరిగ్గా వీడ్కోలు సభ నాటి పొద్దున్న జవాబు వచ్చింది. ఏడో నిబంధన ప్రకారం పూర్వము జారీ అయిన డ్రైవరును అదే పరిమాణంలో జమ చేసిన పిదపనే కొత్త డ్రైవరును జారీ చేయుటకు వీలగునని.

ముప్పై రెండేళ్ల కిందటి వైద్య ధ్రువపత్రం వెతికి తీశారు. చేరిననాడు సన్యాసిరావు బరువు యాభై రెండు కిలోలు. సభ కోసం కొత్త చొక్కా వేసుకుని, మెడలో బంతిపూల దండతో కూర్చున్న మనిషిని లేపి, దండ తీయించి, దూడలను తూచే కాటా మీద నిలబెట్టారు. డెబ్బై ఒకటి.

"పందొమ్మిది కిలోలు అదనం," అన్నారు జగన్నాథం గారు దిగులుగా. "తక్కువైతే వివరణ అడగొచ్చు. ఎక్కువైతే ఏం చేయాలో ఎక్కడా లేదు."

"ఉద్యోగ కాలంలో పెరిగినది కాబట్టి ఆ పందొమ్మిది కిలోలు శాఖ ఆస్తి కావచ్చు," అన్నారు త్రివిక్రమరావు గారు ఆలోచిస్తూ. "స్పష్టత వచ్చేవరకు యాభై రెండు కిలోలను మాత్రం రిటైరు చేసి, మిగతాది ఇక్కడే ఉంచుదాం."

కాటా మీద సన్యాసిరావు బిక్కమొహం వేశాడు. "ఏ వైపు ఉంచుకుంటారు సార్?"

సుగుణ ఎవరినీ ఏమీ అడగలేదు. అక్కడే కాటా పక్కన స్టూలు మీద రిజిస్టరు పెట్టుకుని రాసింది: "అదనపు పందొమ్మిది కిలోలు శాఖ జారీ చేసినవి కావు. ఇంటి వంటవి. కావున జమకు రావు." చదివి వినిపించింది. జగన్నాథం గారు మెల్లగా తల ఊపారు. త్రివిక్రమరావు గారు కూడా ఊపారు.

అయితే ఇంకో చిక్కు మిగిలింది. జమ అయిన పాత వస్తువు ఏదైనా స్టోరులోనే ఉండాలి. బయటికి పోవాలంటే ఎవరికో ఒకరికి జారీ కావాలి, తీసుకున్నవారు సంతకం చేయాలి. సుగుణ కొత్త వరస మొదలుపెట్టింది. వస్తువు: డ్రైవరు, ఒకటి. స్థితి: పాతది, నడుస్తున్నది. ఎవరికి: భార్య, శ్రీమతి అసిరమ్మ గారికి.

భర్త వీడ్కోలు చూద్దామని పట్టుచీర కట్టుకుని వచ్చిన అసిరమ్మ అప్పటిదాకా వెనక వరసలో కూర్చుని ఉంది. సుగుణ రిజిస్టరు తీసుకుని ఆమె దగ్గరికి వెళ్లింది.

"పిన్నీ, ఇక్కడొక సంతకం పెట్టు. సరిగ్గా అందినట్టు."

అసిరమ్మ పెన్ను తీసుకుంది గాని సంతకం పెట్టలేదు. కాటా మీద నిలబడ్డ భర్తను ఆపాదమస్తకం ఒకసారి పరిశీలనగా చూసింది.

"ఎంతున్నాడని రాసినావు తల్లీ?"

"డెబ్బై ఒక్క కిలోలు."

"ఈ నెల్లాళ్లూ మీ దీపాల దిగులుతో కూడు సరిగ్గా తిన్నేదు. మల్లోపాలి తూయించు. తక్కువుంటే నాను తీసుకోను."